గీటురాయికే గీటురాయి కావలెను

ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. విత్తనములు కొనువాడు గుప్పెడు గింజలను తడిగోనెలో మొలకెత్తించి లెక్కపెట్టును. బంగారము కొనువాడు గీటురాయి నడుగును. అమ్మువానిని అవమానించుటకు గాదు ఈ పరీక్షలు. తన ధనమునకు తానే కావలి యుండుటకు. నల్లగొండ, పాలమూరు సీమల రైతునకు ఈ నీతిని వేరొకరు బోధింప నక్కర లేదు. కాని శాస్త్రసాధనముల విషయమున మన విద్యాసంస్థలు, ప్రభుత్వశాఖలు ఈ నీతిని తరచుగా మరచుచున్నవి. దూరదేశమునుండి పెట్టె వచ్చును. పెట్టెతో అచ్చుకాగితము వచ్చును. కాగితముమీది అంకెలను చూచి, దానిని బీరువాలో భద్రపరచుటతో పరీక్ష ముగియును. ఈ అలవాటు వలన కలుగు నష్టమెట్టిదో, దానికి ప్రతిక్రియ యేమో, ఒక చిన్న గాజుపలకను నిదర్శనముగా గొని పాఠకులకు మనవి చేయదలచినాము. ఆ పలక పేరు గ్రేటింగు. మన శాస్త్రగ్రంథములు దానిని వివర్తన జాలకమని వ్యవహరించుచున్నవి.

నక్షత్రములను గూర్చి మనము ఎరిగినదానిలో అధికభాగము వాని వెలుగును విడదీసి చూచుటవలననే లభించినది. వెలుగును రంగులుగా విరిచి పరచినచో, ఆ రంగుల పట్టెయందు సన్నని గీతలు కానవచ్చును. ఒక్కొక్క ధాతువునకు తన గీతలు కలవు. గీత యున్న చోటును బట్టి ధాతువును, దాని లోతును బట్టి పరిమాణమును, అది ఉండవలసిన చోటినుండి జరిగిన జరుగుబాటును బట్టి నక్షత్రపు వేగమును నిర్ణయింతురు. ఈ పని చేయు యంత్రము వర్ణపటలేఖిని. దాని గుండెకాయ గ్రేటింగు.

ఈ విద్య మన సీమకు పరాయిది కాదు. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ బీజాపురము మొదలు గుంటూరు, బందరుల వరకు దక్షిణాపథమును దాటిపోయినది. చెన్నపట్టణపు నక్షత్రశాలయందు ప్రథమ సహాయకులైన చింతామణి రఘునాథాచార్యులు ఆ గ్రహణమును దర్శించుటకై నాటి నిజాము రాజ్యములోని వనపర్తికి వచ్చి విడిసిరి. ఆ వనపర్తి పాలమూరు జిల్లాలోనిదై యుండి, 2016లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. గుంటూరునందు జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు, బందరునందు చెన్నపట్టణపు నక్షత్రశాలాధిపతియైన పోగ్సన్, సూర్యుని అంచున వెలసిన జ్వాలల వెలుగును విరిచి చూచిరి. అందు పసుపుపచ్చని గీత యొకటి కానవచ్చినది. అది ఉప్పులోని సోడియము గీతలకు మిక్కిలి చేరువగా నుండినందున మొదట దానితో పొరబడుటకు అవకాశము కలిగినది. తరువాత నిశితముగా కొలిచినపుడు అది సోడియపు గీతల చోటున లేదని, ఎరిగిన ఏ ధాతువునకును చెందదని తేలినది. ఆ క్రొత్త ధాతువే హీలియము. భూమిమీద అది చేతికి దొరకుటకు 1895 వరకు వేచియుండవలసి వచ్చినది.

సోడియపు జంటగీతలలో దగ్గరిదానికిని హీలియపు గీతకును నడుమ నున్న ఎడము సుమారు 14 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామనగా మిల్లీమీటరులో కోటివంతు. ఇంత స్వల్పమైన ఎడము ఒక నూతన ధాతువునకు జన్మపత్రిక యైనది. నాటివారి సాధనములు గాజుపట్టకములు. నేటి సాధనములు గ్రేటింగులు. సాధనము మారినను ధర్మము మారలేదు. గీత నిజముగా ఆకాశమునుండి వచ్చినదా, లేక మన యంత్రములోని దోషమునుండి పుట్టినదా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పలేని సాధనముతో శోధన చేయుట వట్టి శ్రమ.

ఇక గ్రేటింగు నిర్మాణము. సమతలమైన గాజుపలకపై పలుచని అల్యూమినియము పూత వేసి, వజ్రపు మొనతో ఒకదాని ప్రక్క నొకటిగా సమానదూరమున చాళ్లు తీసినచో గ్రేటింగు సిద్ధమగును. 1785లో అమెరికాలో రిట్టెన్‌హౌస్ రెండు సన్నని మరల నడుమ వెండ్రుకలు పేర్చి తొలి గ్రేటింగును కట్టెను. 1821 ప్రాంతమున జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ తీగెలతో చేసి వెలుగు అలల పొడవును కొలిచెను. 1882లో బాల్టిమోరునందు రౌలండ్ గీతలు గీయు యంత్రమును సిద్ధపరచి, అంగుళమునకు 14,438 గీతల చొప్పున పుటాకారపు అద్దములపై గూడ గీయగలిగెను. మన రైతు గొర్రుతో సాలువెంట సాలు తోలునట్లే ఆ యంత్రము వజ్రమును తోలును. భేదమల్లా సాళ్ల ఎడములో నున్నది.

కొడైకెనాల్ సౌరశాలలో వేణు బాప్పుగారు ఏర్పరచిన 18 మీటర్ల నాభ్యంతరము గల వర్ణపటలేఖినియందు బాబ్‌కాక్ గీచిన గ్రేటింగు నమర్చిరి. గీతల ప్రదేశము 200 మిల్లీమీటర్ల వెడల్పు, 135 మిల్లీమీటర్ల ఎత్తు. మిల్లీమీటరునకు 600 గీతలు. పాఠకులు లెక్క వేయుదురు గాక. మొత్తము గీతలు 1,20,000. ఒక్కొక్కటి 135 మిల్లీమీటర్ల పొడవైనచో, వజ్రపు మొన నడచిన దూరము 16 కిలోమీటర్లకు పైగా నగును. గీతకు గీతకు ఎడము మిల్లీమీటరులో ఆరువందలవ వంతు. నాలుగు క్రోసులకు పైబడిన ఈ దున్నకములో ఎక్కడను సాలు వంకర పోరాదు, ఎడము మారరాదు, మొన అరుగరాదు, గదిలో వేడిమి హెచ్చుతగ్గులు కారాదు. ఇట్టి పనిలో దోషము ఏదో ఒక మోతాదున ఉండియే తీరును. పరీక్ష దోషమున్నదా యని కాదు; ఎంత యున్నది, ఎట్టిది, మన పనికి అడ్డమగునా యని.

దోషములు మూడు విధములు. మొదటిది చక్రీయదోషము. వజ్రమును ముందునకు జరుపు మర ఒక చుట్టు తిరుగునంతలో కొంచెము ముందు, కొంచెము వెనుక పడినచో, ఆ తప్పు చుట్టుచుట్టునకు తిరిగి వచ్చును. బండిచక్రపు కమ్మి ఒకచోట సొట్ట పడినచో దారి పొడవునను సమానదూరమున గంటు పడునట్లు. దీని ఫలితముగా బలమైన ప్రతి గీతకు ఇరుప్రక్కల దొంగగీతలు పుట్టును. శాస్త్రజ్ఞులు వీనికి దయ్యములని పేరు పెట్టిరి; మేము ప్రేతరేఖలందుము. మర చుట్టునకు 500 గీతలు పడినవనుకొన్నచో, 5000 ఆంగ్‌స్ట్రాముల వద్దనున్న గీతకు మొదటి క్రమపు వర్ణపటములో 10 ఆంగ్‌స్ట్రాముల దూరమున ప్రేతము నిలుచును. హీలియమును సోడియమునుండి వేరుపరచిన ఎడము 14 ఆంగ్‌స్ట్రాములని పైన చెప్పితిమి. కావున ప్రేతమును గుర్తింపని శోధకుడు క్రొత్త ధాతువును కనుగొంటినని చాటుటకు ఎంత దూరము కలదు?

మిల్లీమీటరునకు 600 గీతల గ్రేటింగులో, మిల్లీమీటరునందు ఇరువదివేలవ వంతు పాటి ఊగిసలాట చాలును; మొదటి క్రమముననే అసలు గీతలో సుమారు నూటికి ఒకటవ వంతు బలము గల ప్రేతము పుట్టును. దోషము స్వల్పమైనంతవరకు ఆ బలము క్రమసంఖ్యయొక్క వర్గము ననుసరించి పెరుగును. అనగా మొదటి క్రమమున కనబడని ప్రేతము ఐదవ క్రమమున 25 రెట్లు హెచ్చి కనబడును. కొడైకెనాల్ గ్రేటింగు పనిచేయునది ఐదవ క్రమముననే. తక్కువ క్రమమున పరీక్షించి, ఎక్కువ క్రమమున వాడుట తులములతో తూచి మణుగులతో కొనుటవంటిది.

రెండవది క్రమముగా పెరుగు దోషము. గీయుట దినములతరబడి సాగును. ఈలోపల వేడిమి మెల్లగా మారినచో గీతల ఎడము పలక ఒక కొననుండి మరియొక కొనకు మారుచు పోవును. అప్పుడు పలకలోని ఒక్కొక్క భాగము వెలుగును ఒక్కొక్క చోట కూర్చును; గీత పదును తప్పును. మూడవది నియమము లేని దోషము. అక్కడొక గీత, ఇక్కడొక గీత చోటు తప్పుటచేతను, చాళ్ల అంచులు గరుకై యుండుటచేతను, వెలుగు నలుదెసల చెదరి పటమంతట మసక పరచును. నూరు పాళ్ల వెలుగులో ఇరువది పాళ్లు మాత్రమే మిగుల్చు లోతైన గీతపై ఐదు పాళ్ల చెదరువెలుగు పడినచో, 105 పాళ్లలో 25 మిగిలినట్లు తోచును. అనగా ఇరువది యుండవలసిన చోట దాదాపు ఇరువదినాలుగు. గీత లోతు తగ్గెను. నక్షత్రమునందు ఆ ధాతువు ఉన్నదానికంటె తక్కువగా లెక్కకు వచ్చెను. తప్పు నక్షత్రమునది కాదు.

కొందరు ఇట్లందురు: నేడు గీయు యంత్రములకు కాంతి వ్యతికరణముతో పగ్గము వేసినారు, 1960ల చివరినుండి లేసరు కిరణముల సంగమముతోనే గీతలు ముద్రించు హోలోగ్రాఫిక్ గ్రేటింగులు వచ్చినవి, వానికి మరయే లేదు గనుక మరదోషమును లేదు, ఇంక పరీక్ష యెందుకు? ఇందు సగమే సత్యము. మర లేనిచోట చక్రీయ ప్రేతములు లేకపోవుట నిజమే. కాని ముద్రించు కిరణములు దాటి వచ్చిన అద్దముల వంకరలు గీతలలో దిగును. ఇక గీచినవానిలోను తల్లిపలకలు దొరకుట అరుదు. మనకు చేరునవి సాధారణముగా తల్లిపలకనుండి బంకపూతపై ఒత్తిన ప్రతులు. తల్లి దోషమును బిడ్డ మోయును. ఒత్తునపుడు కలిగిన వంకర దానికి తోడగును. పేరు మారినంతమాత్రమున పరీక్ష తప్పదు.

ఇంతకు పరీక్షించుట యెట్లు? ఇది మంత్రవిద్య కాదు. ఓపికగల విద్యార్థి చేయదగిన పని. చీకటి గదిలో సన్ననిసందు వెనుక పాదరసపు దీపము నుంచి, 5461 ఆంగ్‌స్ట్రాముల ఆకుపచ్చని గీతను దీర్ఘనాభ్యంతరము గల అద్దముతో గ్రేటింగుపై పంపి, తిరిగి వచ్చినదానిని కంటికటకముతో చూడవలెను. గీత ఒంటిగా, పదునుగా ఉన్నదా? ఇరువైపుల సమదూరమున నీడగీతలు నిలిచినవా? పాదరసపు సహజమైన సూక్ష్మరేఖలను చూచి ప్రేతములని భ్రమింపకుండుటకై ఒకే ఐసోటోపు గల పాదరసము 198 దీపమునుగాని, హీలియము-నియాను లేసరుయొక్క 6328 ఆంగ్‌స్ట్రాముల ఎర్రని వెలుగునుగాని వాడి సరిచూడవలెను.

తరువాత నల్లకాగితముతో గ్రేటింగులో సగము మూసి చూడవలెను. మరల రెండవ సగము. ఎడమ సగమిచ్చిన గీతయు కుడి సగమిచ్చిన గీతయు ఒకే చోట నిలిచినచో ఎడము సమానమని తెలియును. ఒకటి ఇటు, ఒకటి అటు జరిగినచో క్రమముగా పెరుగు దోషమున్నదని తేలును. మొత్తమును పనికిరాని గ్రేటింగులో గూడ మంచి భాగమేదో ఈ విధముగా కనుగొని, చెడ్డ భాగమును మూసి వాడుకొనవచ్చును. పిమ్మట, దూరదర్శినుల అద్దములను సానపట్టువారు వాడు ఫూకో కత్తియంచు పరీక్ష. వెలుగు కూడు చోట కత్తియంచును మెల్లగా అడ్డుపెట్టినచో గ్రేటింగు ముఖము ఒక్కమారుగా సమముగా నల్లబడవలెను. గట్లు, గుంటలు, పట్టెలు కానవచ్చినచో అవియే దోషముల పటము. ఇంకను నిశితముగా కోరువారు వ్యతికరణమాపకమున చూతురు. అందలి పట్టెలు నిటారుగా నున్న గీత మంచిది. పట్టెలు వంగినచో ఎడము క్రమముగా మారినదని, అలలుగా నున్నచో చక్రీయదోషమని, చిందరవందరగా నున్నచో నియమము లేని దోషమని చదువుకొనవచ్చును. చివరకు కాంతిమాపకముతో ఏ క్రమమునకు ఎంత వెలుగు పోవుచున్నది, చెదరినది ఎంత, ప్రేతముల బలమెంత అనునది అంకెలతో వ్రాయవలెను. ఈ పరీక్షలన్నియు యంత్రములో వాడబోవు క్రమముననే, వాడబోవు కోణముననే జరుగవలెను. పలక ముఖమును మాత్రము వ్రేలితో తాకరాదు. తుడిచినచో వేల గీతలు ఒక్కమారే పోవును.

ఇంత పట్టుదల యెందుకనగా, 5000 ఆంగ్‌స్ట్రాముల వద్ద సెకనునకు ఒక కిలోమీటరు వేగము గీతను జరుపునది ఆంగ్‌స్ట్రాములో అరువదవ వంతు మాత్రమే. కొడైకెనాల్ గ్రేటింగు ఐదవ క్రమమున, దోషరహితమైనచో, ఆంగ్‌స్ట్రాములో నూటయిరువదవ వంతు వరకు వేరుపరచగలదు. గీత పదును రెండింతలు తగ్గినచో ఆ లాభము తుడిచిపెట్టుకొని పోవును. లక్షలు పెట్టి కొన్న దూరదర్శిని వెలుగు తెచ్చి యిచ్చినను, గుప్పిటిలో పట్టు పలక దానిని పాడుచేయును.

ఈ సీమకు ఇట్టి పని చేయుటకు అర్హత లేదని ఎవరనగలరు? నవాబు జఫర్ జంగ్ తన సొంత ధనముతో 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి 1901లో నిజామియా నక్షత్రశాలకు పునాది వేసెను. ప్రభుత్వము 1908లో దానిని స్వీకరించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆ నక్షత్రశాలలో పనిచేసిన తండ్రికి కుమారుడై, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో హార్వర్డునకు వెళ్లిన వేణు బాప్పు 1957లో ఓలిన్ విల్సనుతో గూడి కాల్షియము గీత వెడల్పునుండి నక్షత్రపు అసలు వెలుగును నిర్ణయించు మార్గమును ప్రకటించెను. ఆయన పేర కావలూరునందు 1986లో వెలసిన 2.34 మీటర్ల దూరదర్శిని అద్దమును మన దేశముననే సానపట్టి, మన దేశముననే పరీక్షించిరి. అద్దమును పరీక్షింపగలిగిన చేతులు గ్రేటింగును పరీక్షింపలేవా?

నల్లగొండ సరిహద్దునకు చేరువనున్న జపాల, రంగాపురము గ్రామములవద్ద 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. దానికి తగిలించిన మైనెల్ వర్ణపటలేఖినితో జంటనక్షత్రముల వేగములను కొలిచిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పాలమూరు, నల్లగొండ సీమలమీదుగా పోయినపుడు విద్వాంసుల చూపు ఆ గుట్టవైపు తిరిగినది. తరువాత నగరపు వెలుగులు చేరువైనవి. ఆ శాల దీర్ఘకాలము ఆదరణకు దూరమైనది. ఆకాశము మునుపటి చీకటితో లేకపోవచ్చును. కాని గ్రేటింగు పరీక్షకు ఆకాశపు చీకటి అక్కర లేదు. గదిలోని చీకటి చాలును. పెద్ద దూరదర్శినితో పోటీపడ లేకపోయిన శాల పెద్ద దూరదర్శినులకు పలకలు పరీక్షించి పంపుటలో ముందు నిలువవచ్చును.

త్రాగునీరే సరిగా లేని సీమలో నక్షత్రముల పని యెందుకని అడుగువారు కలరు. ఈ ప్రశ్న మాకు చులకన కాదు. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఎన్ని కుటుంబములవారి ఎముకలను వంచినదో పాఠకులకు తెలియును. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి ప్రపంచశాస్త్రమున నల్లగొండ పేరే నిలిచినది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటినదా లేదా యని నిర్ణయించు పద్ధతులలో ఒకటి రంగుద్రావణము గుండ 570 నానోమీటర్ల వెలుగును పంపి, ఎంత మిగిలెనో కొలుచుట. ఆ కొలుచు స్పెక్ట్రోఫోటోమీటరులో వెలుగును ఏర్చి యిచ్చునది తరచుగా ఒక చిన్న గ్రేటింగే. అది చెదరువెలుగును వదలినచో రంగు గాఢత ఉన్నదానికంటె తక్కువగా కనబడును. ప్రమాణద్రావణములతో సరిచూచుకొననిచో లెక్క తప్పును. బావిగట్టున నిలిచిన తల్లికి ఆ నీరు బిడ్డకు పోయదగునా తగదా యని చెప్పు అంకెయు, నక్షత్రమును గూర్చిన అంకెయు ఒకే జాతి పలకనుండి వచ్చుచున్నవి. కావున ఈ పరీక్షావిద్య ఆకాశమునకు మాత్రమే ఉపకరించునది కాదు.

కావున మేము కోరునది స్వల్పము. నల్లగొండలో 2007లో వెలసిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, పాలమూరులో 2008లో వెలసిన పాలమూరు విశ్వవిద్యాలయము, ఒక్కొక్కటి ఒక చీకటి గదిని, కదలని రాతిబల్లను, పాదరసపు దీపమును, లేసరును, దీర్ఘనాభ్యంతరపు అద్దమును సమకూర్చి పరీక్షాశాలను ఏర్పరచవలెను. రెండవది, ప్రభుత్వధనముతో కొన్న ప్రతి గ్రేటింగునకు, ప్రతి స్పెక్ట్రోఫోటోమీటరునకు పరీక్షాఫలితములు వ్రాసిన పుస్తకముండవలెను. కోరిన పౌరుడు దానిని చూడగలుగవలెను. మూడవది, రంగాపురపు శాలను శిథిలము కానీయక బోధనకును పరీక్షకును తిరిగి నిలుపవలెను. నాలుగవది, ఈ పని నేర్పు పుస్తకము తెలుగున వ్రాయించవలెను. గ్రామమునుండి వచ్చిన విద్యార్థికి భాష అడ్డుగోడ కారాదు. జఫర్ జంగ్ నవాబు కాగలిగినంత దాత ప్రతి తాలూకాలో లేకపోవచ్చును. కాని ఒక అద్దమును, ఒక దీపమును ఇయ్యగల భూస్వాములును వర్తకులును ఈ జిల్లాలలో అనేకులు కలరు. దేవాలయమునకు గంట కట్టించిన చేయి కళాశాలకు అద్దము నిచ్చుట పుణ్యమునకు తక్కువ కాదు.

స్వరాజ్యమనగా పాలించుట మాత్రమే కాదు, కొలుచుట గూడ. ఇతరులు కొలిచి యిచ్చిన అంకెను నమ్మి బ్రదుకు జాతి, తన పొలమును ఇతరుల గొలుసుతో కొలిపించుకొను రైతువంటిది. ఇతరుల గొలుసు సరియైనదే కావచ్చును. కాని సరియైనదని తెలియుటకు తన గొలుసొకటి ఉండవలెను. పరదేశపు పనివాని నేర్పును మేము గౌరవింతుము. ఆ గౌరవము అతని పనిని పరీక్షించి, మంచిదైనచో మంచిదనుటలో నున్నది. చూడక ఒప్పుకొనుటలో లేదు. బంగారమునకు గీటురాయి కావలెను. గీటురాయిపైనే అనుమానము కలిగిననాడు దానికిని పరీక్ష పెట్టగల కన్ను ఈ గడ్డమీదనే తయారు కావలెను. ఆ కన్నును సిద్ధపరచు భారము విశ్వవిద్యాలయాధికారులపైనను, వారిని అడుగవలసిన పౌరులపైనను సమానముగా కలదు.